ఏట్లో, సముద్రపు ఒడ్డున దొరికిన మోడును అక్వేరియంలో పెట్టేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం దాకా చేపల తొట్టెలు పెట్టుకున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఏటా వరదలు తగ్గి ఒడ్డున కర్రలు తేలగానే అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి, ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను. అన్నీ చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. కర్ర ఇన్నాళ్లూ ఏం తాగిందో అదంతా మళ్లీ నీళ్లలోకి కక్కుతుంది. ఆ కక్కేదేదో మీ బకెట్‌లో కక్కాలి, చేపలున్న తొట్టెలో కాదు.

## ఒడ్డున ఏరుకునేటప్పుడు

వరద తగ్గాక మహేంద్రతనయ ఒడ్డంతా కర్రలే కనిపిస్తున్నాయి. నచ్చింది తెచ్చేసుకోవచ్చా?

తొందరపడకండి. వరదకి కొట్టుకొచ్చిందల్లా డ్రిఫ్ట్‌వుడ్ (తొట్టెలో పెట్టుకోవడానికి పనికొచ్చే పాత ఎండు మోడు) అయిపోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ముంచేసినప్పుడు వాగుల్లోకి వచ్చిన చెట్లు ఎన్నో వేళ్లతో సహా కూలిన పచ్చి చెట్లే. బురద పూసుకుని, కొమ్మలు విరిగి, చూడటానికి పాత మోడులాగే ఉంటాయి. గోటితోనో చాకుతోనో బెరడు కింద గీకి చూడండి. పచ్చగా, తడిగా, జిగురుగా తగిలితే అది పచ్చి కర్ర. అందులో చెట్టు రసం ఇంకా ఉంది, నీళ్లలో పడితే ఆ రసం కుళ్లి తొట్టె మొత్తం పాడవుతుంది. బెరడు ఎప్పుడో ఊడిపోయి, బూడిద రంగు తేలి, అంచులన్నీ నునుపెక్కి, గోరు దిగని ముక్క కోసం వెతకండి. అలాంటిది ఈ ఏడాది వరద తెచ్చి ఉండవచ్చు కానీ చచ్చింది మాత్రం ఎన్నో ఏళ్ల కిందట.

చెట్టు పేరు తెలియకపోతే ఎలా నమ్మేది?

మోడుగా మారాక ఏ చెట్టో చెప్పడం వడ్రంగికి కూడా కష్టమే. అందుకే నేను పేరు కంటే వాసన చూస్తాను. చాకుతో చిన్న పెచ్చు లేపి ముక్కు దగ్గర పెట్టుకోండి. ఏ వాసనా లేకపోయినా, మట్టి వాసన వచ్చినా సరే. ఘాటు నూనె వాసన, జిగురు వాసన, కిరసనాయిలు లాంటి వాసన ఏది వచ్చినా అక్కడే వదిలేయండి. గాటు పెట్టిన చోట బంక గానీ పాలు గానీ ఊరినా అంతే.

మన వైపు చెట్లలో ఏవి మంచివి, ఏవి వద్దు?

జామ, రేగు, చింత. ఎండి గట్టిపడిన ఈ మూడింటితో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. జామ కొమ్మ వంకర్లు తొట్టెలో ఎంత అందంగా ఉంటాయంటే, కొని తెచ్చిన మలేషియా కర్ర పక్కన పెట్టినా ఏమాత్రం తీసిపోవు. సరుగుడు వేళ్లు తీరం పొడుగునా దొరుకుతాయి, గట్టివే, కాకపోతే టానిన్ (కర్రలోంచి నీళ్లలోకి దిగే టీ రంగు పదార్థం) ఎక్కువ కాబట్టి నీళ్లు చాలా రోజులు ఎర్రగా వస్తాయి.

వద్దనేవి: గన్నేరు, జిల్లేడు. వీటి విషం అందరికీ తెలిసిందే. వేపలో పురుగుల్ని చంపే గుణం ఉంది, రొయ్యపిల్లలు పెంచేవాళ్లు దాని జోలికి పోకూడదు. నీలగిరి తోటల నుంచి వచ్చిన కర్రలో నూనె ఉంటుంది. జీడిమామిడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మనకు ఉద్దానం నుంచి గంజాం దాకా ఆ తోటలే కదా. జీడిపిక్క పెంకు నూనె చేతుల్ని ఎలా కాల్చేస్తుందో బట్టీల్లో పనిచేసినవాళ్లని అడగండి. మోడులో ఆ గుణం ఎంత మిగిలిందో మనం తేల్చుకోలేం, వదిలేయడమే మేలు. మామిడీ అదే కుటుంబం, దాన్నీ నేను తీసుకోను.

ఇంకొకటి, మొగలి. ఛత్రపురం, చికిటి వైపు వాగుల గట్ల మీద మొగలి పొదలు బోలెడు, ఎండిన మోడు వంకర తిరిగి బొమ్మలా ఉంటుంది. కానీ అది కొబ్బరి, తాటి లాగే పీచు మాను, లోపల గట్టి చేవ ఉండదు. నీళ్లలో పెడితే లోపలి నుంచి కుళ్లుతుంది.

గోపాల్‌పూర్ బీచ్‌లో దొరికిన కర్ర మంచినీళ్ల తొట్టెకి పనికొస్తుందా?

వస్తుంది, ఉప్పు పూర్తిగా వదలాలి అంతే, దానికి వారాలు పడుతుంది. ముందు ఒక పని చేయండి. కర్రని విరిచి గానీ కోసి గానీ లోపల చూడండి. చిటికెన వేలు దూరేంత గుండ్రటి సొరంగాలు, వాటి గోడలకు సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తే అది ఓడపురుగు పని. పేరుకి పురుగు గానీ అది నత్తగుల్లల జాతి. ఆ తెల్లపొర గుల్ల లాంటిదే, నీళ్లలో మెల్లగా కరిగి నీళ్ల గట్టిదనం (సున్నం లాంటి ఖనిజాల పాలు) పెంచుతుంది. పైగా ఆ సొరంగాల్లో ఉప్పు, చచ్చిన పురుగుల కుళ్లు ఇరుక్కుని ఉంటాయి, ఏ బ్రష్షూ లోపలికి పోదు. సొరంగాలున్న ముక్కని నేను ఎంత బాగున్నా తీసుకోను.

పాత పడవ చెక్క ముక్క దొరికింది, రంగు కొంచెమే ఉంది. గీకేస్తే చాలదా?

చాలదు. పడవ అడుగుకి గుల్లలు పట్టకుండా పూసే రంగుల్లో రాగి ఉంటుంది, అది చెక్కలోకి ఇంకిపోతుంది. రాగి కొంచెం చాలు, నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. తారు, డీజిల్, లోపల విరిగిన మేకులు సరేసరి. ఆకుపచ్చ ఛాయ ఉన్న దుంగలు, రైలు స్లీపర్ ముక్కలు కూడా మందు పట్టించిన కలపే, వాటినీ ముట్టుకోవద్దు.

ఒడ్డున కర్ర తీసుకెళ్తే ఫారెస్టువాళ్లు పట్టుకుంటారా?

అరచేతంత వేరుముక్కకి ఎవరూ ఏమీ అన్నది నేను చూడలేదు, కానీ చట్టం సంగతి తెలిసి ఉండాలి. 1927 నాటి భారత అటవీ చట్టం సెక్షన్ 45 ప్రకారం కొట్టుకొచ్చిన, ఒడ్డుకు చేరిన, మునిగిన కలప ఎవరిదో రుజువయ్యేదాకా ప్రభుత్వానిదే. ఒడిశాకి 1972 నుంచి సొంత అటవీ చట్టం ఉంది, అక్కడ చూడాల్సింది అదే. దుంగలు, పనికొచ్చే కలప ముట్టుకోవద్దు. లఖారీ లోయ లాంటి అభయారణ్యం లోపలి నుంచి పుల్ల కూడా తేవద్దు. అనుమానం ఉంటే బీట్ గార్డుని ముందే అడగండి, ఒడియాలో రెండు మాటలు మర్యాదగా అడిగితే వాళ్లే చెప్తారు. బాహుదా మొగ దగ్గర మడచెట్ల వేళ్లు తవ్వడం, విరవడం అసలు చేయకండి.

ఇంకో మాట. గోపాల్‌పూర్, సోనాపూర్ జాలరిపేటల్లో చాలామంది మన తెలుగువాళ్లే. ఒడ్డున కర్రలు కుప్పగా పేర్చి కనిపిస్తే అవి ఎవరో ఆడవాళ్లు పొయ్యిలోకి ఏరుకున్నవి. "అమ్మా, ఈ ముక్క తీసుకోనా" అని అడిగి తీసుకోండి.

రుషికుల్య మొగ దగ్గర మంచి మోడులు ఉంటాయట, ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు నుంచి జనవరి మధ్య, పగటిపూట. ఫిబ్రవరి, మార్చిలో అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, పిల్లలు బయటికి రావడానికి ఇంకో నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో ఇసుకలో నడిచినా, కర్ర పెకలించినా కింద గూడు ఉండొచ్చు. టార్చిలైటు వెలుగుకి పిల్లలు సముద్రం వైపు పోకుండా ఇటు తిరుగుతాయి. తొట్టెలో చేపల్ని ప్రేమించేవాళ్లం, అక్కడ ఆ పని చేయలేం.

కర్రతో పాటు అక్కడి ఇసుక కూడా తెచ్చుకోవచ్చా?

వద్దు. తీరం ఇసుకలో గుల్లపొడి కలిసి ఉంటుంది, నీళ్లని గట్టిగా చేస్తుంది. అదీగాక ఛత్రపురం తీరం ఇసుకలో ఇల్మెనైట్, మోనజైట్ లాంటి ఖనిజాలు ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ తవ్వేది అవే. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. ఇంట్లో పెట్టుకోవడానికి కడిగిన నది ఇసుక చాలు.

మహారాష్ట్ర సిరోంచలో ఉంటాను. ప్రాణహితలో టేకు వేరు దొరికింది, పెట్టొచ్చా?

నేనైతే పెట్టను. టేకులో నూనె ఉంటుంది, చెదలు పట్టకపోవడానికి కారణమైన పదార్థాలూ ఉంటాయి. చేవ ఉన్న టేకు నీళ్లలో ఎన్నాళ్లు నానినా వాటిని కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. పైగా టేకు ముక్క చేతిలో ఉంటే పర్మిట్ అడుగుతారు, అదో టెన్షన్.

## ఇంటికి తెచ్చాక

మొట్టమొదట ఏం చేయాలి?

ఇంట్లోకి తేకండి. పెరట్లో, ఎండలో పడేసి ఒక పూట వదిలేయండి. మోడు బొరియల్లో తేళ్లు, జెర్రులు ఉంటాయి, చేత్తో తడమకుండా కర్రతో తిప్పి తట్టండి. తర్వాత పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, కొబ్బరిపీచుతో గానీ నైలాన్ బ్రష్‌తో గానీ తోమండి. ఇనుప తీగ బ్రష్ వాడితే తీగ ముక్కలు సందుల్లో ఇరుక్కుని తుప్పు పడతాయి. పాత మేకు గీసుకుంటే టెటనస్ ఇంజెక్షన్ సంగతి చూసుకోండి.

సర్ఫ్ నీళ్లలో గానీ డెటాల్‌లో గానీ నానబెడితే క్రిములు పోతాయి కదా?

క్రిములు పోతాయి, సబ్బు మాత్రం కర్రలోనే ఉండిపోతుంది. కర్ర స్పాంజి లాంటిది. సబ్బు, ఫినాయిల్, బాత్రూం యాసిడ్, ఏదీ తగలనివ్వకండి. మంచినీళ్లు, బ్రష్, వేడి, ఈ మూడే చాలు.

బెరడు బాగుంది, ఉంచేయనా?

తీసేయండి. బెరడు నీళ్లలో ముందుగా కుళ్లేది, దాని కింద మురికి చేరుతుంది. రాకపోతే ఒక పూట వేడినీళ్లలో నానబెట్టి చెంచా అంచుతో లేపండి, పొరలుగా వచ్చేస్తుంది.

ఒకవైపు మెత్తగా ఉంది, ముక్క మొత్తం పారేయాలా?

మొత్తం అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొన తీసుకుని గుచ్చుకుంటూ పొండి. దిగినంతమేరా తవ్వేయండి, గట్టిది తగిలేదాకా. చాలాసార్లు మెత్తది పోయాక మిగిలిన గుల్లే అందంగా ఉంటుంది, చేపలు దాక్కోవడానికి గుహ కూడా దొరుకుతుంది. తవ్వుతూ పోతే ఏమీ మిగలకపోతే పారేయండి.

ఎన్నాళ్లు ఆరబెట్టాలి? ఆరిందని ఎలా తెలుస్తుంది?

వంటింటి కాటా మీద తూచండి, ఆదివారం ఆదివారం తూచి గోడ మీద పెన్సిలుతో రాయండి. బరువు తగ్గుతూ పోతుంది. వరసగా మూడు వారాలు ఒకే బరువు చూపిస్తే ఆరినట్టే. మణికట్టు లావు ముక్కకి నాకు రెండు నెలలు పట్టింది, తొడ లావుదానికి ఆరు నెలలు దాటింది. నీడలో, గాలి ఆడేచోట, నేలకి తగలకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. మొదటే మండుటెండలో రోజుల తరబడి పడేస్తే పగుళ్లు వస్తాయి, చివరి రెండు వారాలు డాబా మీద పెట్టండి. ఎన్నో ఏళ్ల కిందట చచ్చి గట్టిపడిన మోడుకి ఇంత అక్కర్లేదు, నేరుగా నానబెట్టుకోవచ్చు.

చెదలు కనిపించాయి. తొట్టెలోకి కూడా వస్తాయా?

నీళ్లలో చెదలు బతకవు. ఇంట్లో తలుపులకి పట్టకుండా చూసుకోండి చాలు, మరిగించేదాకా కర్రని గోడకి ఆనించకండి. చెదల మందు మాత్రం కొట్టొద్దు, ఆ మందు కొట్టిన కర్ర ఇక చేపలకి పనికిరాదు.

పసుపు, వేపనూనె, సున్నం, వార్నిష్... ఒక్కొక్కరు ఒక్కటి చెప్తున్నారు.

ఏదీ వద్దు. నూనె నీటిపైన పొర కడుతుంది, సున్నం పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) పెంచుతుంది, వార్నిష్ కర్ర ఉబ్బినప్పుడు పెచ్చులుగా ఊడుతుంది, పసుపు వల్ల ఏ లాభమూ లేదు.

## మరిగించడం, నానబెట్టడం

ఎంతసేపు మరిగించాలి?

నీళ్లు తెర్లడం మొదలయ్యాక మణికట్టు లావు ముక్కకి గంట, మోచేయి లావుదానికి రెండు గంటలు. మధ్యలో ఒకసారి తిరగేయండి, తేలే వైపు ఉడకదు కాబట్టి పైన శుభ్రమైన రాయి బరువు పెట్టండి. నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో మళ్లీ. నేను ఇలా మూడు, నాలుగు వాయిలు చేస్తాను.

మొన్న చింతవేరు ఒకటి పెరట్లో పాత అల్యూమినియం డేక్సాలో పెట్టాను. పావుగంటకే నీళ్లు ఎర్రబారి, అరగంటకి నల్లటి డికాక్షన్ అయ్యాయి. పైకి మురికి నురగ తేలింది, దాన్ని గరిటెతో తీస్తూ ఉంటే ఎక్కడో బొరియలోంచి వేలెడంత కాళ్లజెర్రి తేలి వచ్చింది. ముందురోజు ఆ కర్రని బ్రష్‌తో గంటసేపు తోమాను, అప్పుడు బయటికి రాలేదు. నాలుగో వాయికి నీళ్లు లేత బంగారు రంగులో ఉన్నాయి, అప్పుడు ఆపాను.

మరిగించిన గిన్నెలో మళ్లీ వంట చేయకండి. మోతాదు మించి రోజంతా ఉడికించొద్దు, కర్ర పీచులు విడిపోయి మెత్తబడుతుంది.

గిన్నెలో పట్టనంత పెద్దది. కోయడం ఇష్టం లేదు.

సగం ముంచి ఉడికించి, తిరగేసి రెండో సగం ఉడికించండి. అదీ కుదరకపోతే పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి మరిగే నీళ్లు పోసి, గోనెసంచి కప్పి చల్లారేదాకా వదిలేయండి. రోజుకి రెండుసార్లు చొప్పున వారం చేయండి. వేడి లోపలిదాకా పోదు కాబట్టి నానబెట్టే రోజులు పెంచుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ వేడినీళ్ల పని వాళ్లు బడికి వెళ్లాక పెట్టుకోండి.

ప్రెషర్ కుక్కర్‌లో పెడితే త్వరగా అవుతుందా?

పెట్టొద్దు. పెచ్చులు ఊడి ఆవిరి రంధ్రానికి అడ్డం పడితే ప్రమాదం.

మరిగించేటప్పుడు ఉప్పు వేయమంటున్నారు.

గంట మరిగించినప్పుడు ఆ వేడే చాలావాటిని చంపుతుంది. ఉప్పు వేస్తే దాన్ని మళ్లీ వదిలించుకోవడానికి ఇంకో వారం నానబెట్టాలి.

బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ముంచితే?

నేను వాడను. క్లోరిన్ కర్ర లోపలికి పోయి కూర్చుంటుంది, యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ని విరిచే అక్వేరియం మందు) వేసినా లోపలున్నది ఒక్కసారిగా పోదు. మరిగించడం కుదిరినప్పుడు బ్లీచింగ్‌తో పనే లేదు. ఇప్పటికే వాడేసి ఉంటే మంచినీళ్లు మారుస్తూ, యాంటీ క్లోరిన్ వేస్తూ, వాసన పూర్తిగా పోయాక ఇంకో రెండు వారాలు ఎండలో ఆరనివ్వండి. బ్లీచింగ్‌తో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, వచ్చే గాలి మనిషినే పడగొడుతుంది.

ఎన్ని రోజులు నానబెట్టాలి? సముద్రపు కర్రలో ఉప్పు పోయిందని ఎలా తెలుసుకోవాలి?

రోజులు లెక్కపెట్టకండి, నీళ్లని కొలవండి. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే చిన్న పరికరం) ఖరీదేమీ ఎక్కువ కాదు. ముందు కుళాయి నీళ్లు కొలిచి రాసుకోండి. కర్ర మునిగేలా అవే నీళ్లు బకెట్‌లో పోసి మర్నాడు అదే వేళకి కొలవండి. తేడా ఎంతైతే అంత కర్ర వదిలినట్టు. నీళ్లు పారబోసి మళ్లీ పోయండి. మొదట్లో రోజూ, తర్వాత రెండు రోజులకోసారి. రెండు రోజులు కదపకుండా ఉంచినా తేడా 20, 30 దాటకపోతే అప్పుడు తొట్టెలోకి.

ఇది నేను చేపల్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను. గోపాల్‌పూర్ నుంచి తెచ్చిన సరుగుడు వేరుని మూడు రోజులే నానబెట్టి, నాలుక మీద పెట్టి చూస్తే ఉప్పగా లేదని రెండడుగుల తొట్టెలో దించేశాను. మర్నాడు పొద్దున్నే చూస్తే నియాన్ టెట్రాలన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి. అప్పుడు మీటర్ పెట్టాను, 240 ఉండాల్సిన నీళ్లు 610 చూపించాయి. సగం నీళ్లు మార్చేలోపే నాలుగు పోయాయి. పైన ఉప్పు పోయినా లోపలి ఉప్పు బయటికి రావడానికి రోజులు పడుతుంది. ఆ వేరుకి పూర్తిగా వదలడానికి ఇంకా ఐదు వారాలు పట్టింది.

నది కర్రకి ఉప్పు బాధ లేదు కాబట్టి మామూలుగా రెండు, మూడు వారాలు సరిపోతాయి. పత్తి చేలు, కూరగాయల మడుల కింది వాగులో దొరికిందైతే మాత్రం తీసుకోకపోవడమే మంచిది, పురుగుమందుని టీడీఎస్ మీటర్ పట్టుకోలేదు.

పెరట్లో బకెట్‌లో నానబెడితే దోమ పిల్లలు పడ్డాయి.

నీళ్లు వెంటనే నేల మీద పారబోయండి, అవి ఎండిపోయి చస్తాయి. డెంగీ రోజుల్లో మూత లేని బకెట్ ఇంటికీ, పొరుగువాళ్లకీ ముప్పు. పాత చీర ముక్క గట్టిగా కట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే ఈ బాధ ఉండదు. తూనీగలు కూడా గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ గప్పీ పిల్లల్ని పట్టి తింటాయి. అందుకే తొట్టెలో దించే ముందురోజు ఆఖరుసారి మరిగే నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

## తొట్టెలో దించేటప్పుడు

నెల నానబెట్టినా తేలుతూనే ఉంది!

కొన్ని కర్రలు అంతే. మునిగేదాకా ఆగలేకపోతే అడుగున రాతిపలక బిగించండి. గ్రానైట్ షాపు దగ్గర పడేసిన ముక్క చాలు. కడప బండ వద్దు, అది సున్నపురాయి, నీళ్లు గట్టిపడతాయి. ఏ రాయో తెలియకపోతే నిమ్మకాయ పిండండి, బుసబుస నురగ వస్తే పక్కన పెట్టేయండి. బిగించడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ వాడండి, ఇనుప మేకు వద్దు. స్క్రూ పని చేతకాకపోతే వలలు అల్లే నైలాన్ దారంతో కట్టినా సరిపోతుంది.

అద్దాల మధ్య బిగుతుగా ఇరికిస్తే తేలదు కదా?

దయచేసి ఆ పని చేయకండి. కర్ర నీళ్లు తాగి ఉబ్బుతుంది, అద్దం వంగదు, పగులుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెలో 56 లీటర్లు పడతాయి, అంటే 56 కిలోల నీళ్లు హాల్లో. అన్ని వైపులా రెండంగుళాలు వదలండి, అద్దం తుడవడానికీ చెయ్యి పడుతుంది.

సిలికాన్‌తో అతికించనా?

తడి కర్రకి సిలికాన్ పట్టదు, ఎండిన కర్రకి పట్టినా ఉబ్బాక ఊడుతుంది. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూం సిలికాన్ చేపలకి అసలు పనికిరాదు.

మొక్కలు ఎలా పట్టించాలి?

అనూబియాస్, జావా ఫెర్న్, నాచు, ఈ మూడూ కర్ర మీదే పెరుగుతాయి. నూలు దారంతో కట్టండి, వేళ్లు పట్టేసరికి దారం కుళ్లి పోతుంది. ఫెవిక్విక్ చుక్క పెట్టినా ఆరాక ప్రమాదం లేదు, మొక్క వేళ్ల మీద మాత్రమే పెట్టండి, లావు కాండం మొత్తానికి పూయకండి.

గోల్డ్‌ఫిష్ ఉన్నాయి, కర్ర మొనలు గీసుకుంటాయేమో?

గీసుకుంటాయి, ముఖ్యంగా కళ్లు ఉబ్బి ఉండే రకాలు. పాత నైలాన్ మేజోడుని కర్ర మీద రుద్దండి, ఎక్కడ పట్టుకుని దారం లేస్తే అక్కడ గరుకు కాగితంతో నునుపు చేయండి.

## పెట్టాక

వారానికే కర్ర మీద తెల్లగా జిగట పట్టింది. పాడైపోయిందా?

పాడవలేదు, ఎక్కువమంది భయపడేది ఇక్కడే. కర్రలో మిగిలిన చక్కెరల మీద బ్యాక్టీరియా, ఫంగస్ పెరిగితే అలా తెల్లటి జిగట వస్తుంది. చేపలకి హాని చేయదు, నత్తలు, రొయ్యలు ఇష్టంగా తింటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో దానంతటదే పోతుంది. చూడలేకపోతే నీళ్లు మార్చేటప్పుడు పైపుతో లాగేయండి. మళ్లీ వస్తుంది, మళ్లీ లాగేయండి. మందులు పోయకండి.

నీళ్లు టీ రంగులోకి మారాయి. చేపలు చచ్చిపోతాయా?

చావవు. అది టానిన్, ఎండు బాదం ఆకు వేసినా ఇదే రంగు వస్తుంది. ఫైటర్లు, టెట్రాలు, ఏంజెల్ చేపలకి ఈ నీళ్లు ఇష్టం. మొక్కలకి వెలుతురు తగ్గుతుంది, అంతవరకే నష్టం. రంగు నచ్చకపోతే వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి, నెలకోసారి కార్బన్ మార్చండి.

పీహెచ్ బాగా పడిపోతుందని భయం.

మీ నీళ్ల కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్ల పాలు) మీద ఆధారపడి ఉంటుంది. గట్టి బోరు నీళ్లలో అంత తేలిగ్గా పడదు. మెత్తని నీళ్లు, వాననీళ్లు వాడేవాళ్లు మాత్రం మొదటి నెల వారానికోసారి కొలవండి. గప్పీలు, మోలీలు గట్టినీళ్ల చేపలు, వాటి తొట్టెలో చిన్న ముక్క చాలు.

కర్ర కదిపితే కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చింది.

అదే క్షణం బయటికి తీసేయండి, సగం నీళ్లు మార్చండి, గాలి పంపు పూర్తిగా పెట్టండి. కర్ర లోపల గానీ దాని కింద ఇసుకలో గానీ గాలి అందక కుళ్లుతోంది, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, చేపలకి విషం. బయట కర్రని గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే తప్పు ఇసుకది, శుభ్రం చేసి మళ్లీ పెట్టుకోవచ్చు. లోపల మెత్తబడి నల్లగా ఉంటే దానితో పని అయిపోయినట్టే.

కర్ర పెట్టాక చేపలు మూలకి చేరి తినడం మానేశాయి.

ఒకటి రెండు రోజులైతే కొత్త వస్తువు చూసిన బెదురు, లైటు ఆపి ఊరుకోండి. పైకి వచ్చి నోరు తెరుస్తున్నా, మొప్పలు వేగంగా ఆడుతున్నా అది బెదురు కాదు. కర్ర తీసి బకెట్‌లో వేసి, మూడో వంతు నీళ్లు మార్చి, అమ్మోనియా, టీడీఎస్ కొలవండి. కారణం తెలిసేదాకా కర్రని మళ్లీ దించకండి.

ఒక కర్ర ఎన్నేళ్లు ఉంటుంది?

నా దగ్గర చింతవేరు ఆరో ఏట ఉంది, జామకొమ్మ మూడేళ్లకే చివర్లు రాలింది. సక్కర్ చేపలు ఉంటే ఇంకా త్వరగా అరుగుతుంది, అవి కర్రని గీకుతూనే ఉంటాయి. ఆరు నెలలకోసారి చేత్తో నొక్కి చూడండి.

పాతబడిన కర్రని మళ్లీ ఏట్లో వదిలేయొచ్చా?

వద్దు. దాని సందుల్లో మీ తొట్టెలోని నత్త గుడ్లు, మొక్కల ముక్కలు, ఏవేవో ఉంటాయి. సక్కర్ చేపలు ఇలాగే తొట్టెల్లోంచి మన దేశపు చెరువుల్లోకి, నదుల్లోకి చేరి స్థానిక చేపలకి చేటు చేస్తున్నాయి. కర్రని డాబా మీద ఒక వేసవి మొత్తం ఎండనిచ్చి పొయ్యిలో పెట్టండి, మా ఇంట్లో నీళ్లు కాగేది వాటితోనే.